ఉన్ని దారం కట్టిన పూలు

దేవుడు ఒకలా చేసిపెట్టిన మొక్కను మనిషి ఇంకోలా మార్చవచ్చా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. నా కూతురు నెలిదా కుస్కో పట్నంలో దుంపల పరిశోధన కేంద్రంలో చేరి, ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకు అద్దే పని నేర్చుకున్నప్పటి నుంచీ ఉంది.

నెలకోసారి కొండెక్కి వచ్చే ఫాదరును ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, "బెనితమ్మా, బైబిల్లో బంగాళాదుంప ఊసే లేదు కదా, నన్నేం చెప్పమంటావు?" అని గిన్నెలో ఇంకో గరిటె పులుసు పోయించుకున్నారు.

దేవుడు మరచిపోయి ఉండడు. రాసినవాళ్లు మా ఆండీస్ కొండలు చూసి ఉండరు. అలా సర్దిచెప్పుకున్నాను గానీ సందేహం పోలేదు.

ఆ పొద్దున మాత్రం దానికి తీరిక లేదు. నెలిదా వంటింటి గుమ్మంలో నిలబడి, మేకుకు తగిలించిన నా టోపీ వైపు చూస్తోంది. మోకాళ్ల దాకా పొలం బురద. భుజాన సంచీ ఇంకా దించలేదు.

"అమ్మా, ఆ పూలెక్కడివి?"

నిన్న కార్నివాల్ పండగ. మా ఊళ్లో ఆ రోజు ఎవరి పొలంలో పూసిన దుంపపూలు వాళ్లు టోపీలకు గుచ్చుకుంటారు. నా టోపీకి ఊదారంగు పూల గుత్తి ఉంది. రాత్రికి వాడిపోయింది. కాడకు మాత్రం ఎర్ర ఉన్ని దారం అలాగే ఉంది.

"తాతయ్య తెచ్చాడే," అన్నాను.

నెలిదా టోపీ తీసుకుంది. పక్కన మా ఆయన ఇలారియో టోపీ తీసుకుంది. పూలు తెచ్చిన మా మామయ్య టోపీ ఆయన తల మీదే ఉంది. ముగ్గురి టోపీలకూ అవే పూలు. మూడింటికీ అదే దారం.

"బస్సు దిగి పొలం మీదుగానే వచ్చాను," అంది. "మూడు మొక్కలకీ ఒక్క పువ్వు లేదు. మేకలు పడ్డాయనుకున్నా. మన మేకలకి టోపీలుంటాయని తెలీదు."

మా ఆయన పొయ్యిలోకి ఊదుతున్నవాడు ఊదడం ఆపాడు. కాళ్ల దగ్గర తిరిగే కుయ్‌లు, మా పెంపుడు గినీపందులు, కట్టెల వెనక్కి దూరాయి.

మామయ్య సిప్రియానో గోడ వారగా గొర్రెతోలు మీద కూర్చుని బుగ్గన కోకా ఆకు పెట్టుకుంటున్నాడు. ఆయనకు చెవులు బాగానే వినబడతాయి. వినదలచుకోనప్పుడే వినబడవు. ఈసారి విన్నాడు.

"పండగ కదే గువ్వా. పొలానికి పూసినవి తలన పెట్టుకోకపోతే నేలతల్లి ఏమనుకుంటుంది? మన దగ్గర మిగిలిందే మూడు మొక్కలు. అవి కూడా చిన్నబుచ్చుకోవా?"

"దారం కట్టి ఉంది కదా తాతా. కనబడలేదా?"

"కనబడింది. అందుకే అవే ముందు కోశాను."



మామయ్య ముఖంలో తప్పు చేసినవాడి బెదురు లేదు. ఇంకా నిన్నటి సంతోషమే ఉంది. అది చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"లామాలకి పండగనాడు చెవులకి ఉన్ని కడతాం కదా," అన్నాడు. "బతకండి, పిల్లల్ని పెట్టండి అని. నువ్వు మొక్కకి కట్టావు. మా నాయన కాలంలో మొక్కలక్కూడా కట్టేవాళ్లు. నీకెవరు చెప్పారా అనుకున్నా. పట్నం పోయినా పిల్లకి గుర్తుంది అనుకున్నా. మొక్కిన పువ్వు గదా, ఇంట్లో అందరి నెత్తినా ఉండాలని తెచ్చా."

"మొక్కు కాదు తాతా. నేను పుప్పొడి అద్దిన పువ్వుకి గుర్తు అది."

"కుంచె పెట్టి తుడుస్తావని చెప్పావు. ఉన్ని కడతానని చెప్పావా?"

"కాగితం చీటీ కడితే వానకి నానిపోతోంది. అమ్మనడిగితే ఉన్ని ఇచ్చింది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అవును, మగ్గం మీద మిగిలిన ఎర్ర ఉన్ని నేనే ఇచ్చాను. దారమే కదా అనుకున్నాను, దేనికో అడగలేదు.

మా ఇంటి దుంపకు ఊళ్లో పేరు కోడలేడుపు. పిడికిలి బిగించినట్టు ముడులు ముడులుగా ఉంటుంది. పెళ్లినాడు అత్తగారు దాన్ని కోడలి చేతికిచ్చి, తొక్క మాత్రమే పోవాలి, దుంప పోకూడదు, ఒలువు అంటుంది. నాకూ ఇచ్చింది మా అత్తయ్య. ఏడ్చాను. ఒలిచాను. అలా ఈ ఇంటిదాన్నయ్యాను.

ఆ దుంప మూడేళ్లుగా చస్తోంది. ఆకుమాడు తెగులు లోయలోంచి కొండెక్కింది. నా చిన్నప్పుడు మా పై పొలాల చలికి అది బతికేది కాదు. ఇప్పుడు చలి తగ్గింది, తెగులు పెరిగింది. మేం పొలాన్ని ఏటా పైకి జరిపాం. అదీ మా వెనకే పైకి వచ్చింది. ఊళ్లో అందరి పొలాలూ పోగా, మా పై పొలంలో రాతిగోడ మూల మూడు మొక్కలు మిగిలాయి.

నెలిదా పని ఆ మూడింటితోనే. తెగులుకు లొంగని అడవిదుంప ఒకటి ఉంది. గోలీ అంత కూడా ఉండదు, చేదు విషం. దాని పుప్పొడి సీసాలో తెచ్చి మా పూలకు అద్దింది. కాయ పడితే అందులో వందల గింజలు. ఏ గింజా ఇంకో గింజలా ఉండదట. అన్నీ మొలిపించి, వాటికి తెగులు తామే అంటించి, చావని మొక్కలు ఏరుతారట. తెగులు అంటించినందుకు కూడా జీతమిస్తారా అని మామయ్య అప్పట్లో నవ్వాడు.

ఈ నెల కాయ పడాలి. దుంపలు పోయినా మా దుంప రక్తం ఆ గింజల్లో ఉండేది.

"ఇంకో మొగ్గ లేదా?" అన్నాడు మా ఆయన. ఆ పొద్దున ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"మొగ్గలు కూడా కోశారు నాన్నా. అందంగా ఉంటాయని."

"నువ్వు చదువుకున్నదానివి," అన్నాడు మామయ్య. గొంతు మారింది. ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది ఆయనకు. "మా ఊళ్లో ఉన్ని కడితే ఏమనుకుంటారో తెలియని పట్నం పిల్లవి కాదు. కట్టే ముందు నన్నడగొద్దా?"

"కోసే ముందు నువ్వు అడిగావా?"

"నా పొలంలో పువ్వు కోయడానికి నేనెవర్ని అడగాలి?"

"నేలతల్లిని అడగాలి. నాకు నడకొచ్చిన రోజు నుంచీ నువ్వే చెప్పావు తాతా. అడగందే ఆకు తుంచకు అని."

మామయ్య నమలడం ఆపాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పూలు పైకి కాకుండా కిందికి తిప్పి పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. నెలిదా ఆగలేదు.

"ఒక్క దుంప ఇమ్మన్నాను. ఎన్నిసార్లు అడిగాను? ఒక్కటి. మా కేంద్రంలో సీసాలో పెట్టి ఎప్పటికీ బతికించేవాళ్లం. ఇవ్వలేదు. పువ్వు మాత్రమే ముట్టుకో, దుంప గడప దాటకూడదు అన్నావు. సరే అన్నాను. ఇప్పుడు పువ్వూ లేదు."

"మా నాయన ఇచ్చాడు, బుట్టకి బుట్ట. కారులో వచ్చినవాళ్లకి. తెగులు వస్తే మేమే మళ్లీ విత్తనం తెచ్చిస్తాం పెద్దాయనా అన్నారు. వచ్చారా?"

"వాళ్లు వేరు తాతా. ఎవరో. నేనప్పటికి పుట్టలేదు."

"నాకు తెలిసింది కారొక్కటే. ఎర్ర కారు. మీ కేంద్రంలో కార్లు లేవా?"

నాకు నవ్వొచ్చింది. అలాంటప్పుడు నవ్వు రావడం పాపమేమో తెలియదు. మరియమ్మ పటం వైపు చూసి గుండెల మీద సిలువ గీసుకున్నాను.

"పదండి," అన్నాడు మా ఆయన. "మొక్కలైతే ఉన్నాయి కదా. చూద్దాం."

పై పొలం దారి పొడుగునా కుళ్లు వాసన. కింది పొలాలన్నీ నల్లగా, మంట పెట్టి వానకు ఆర్పినట్టున్నాయి. ఎవరి పొలం దాటినా ఆ ఇంటివాళ్లను తలుచుకుని మరియమ్మకు ఒక మంగళవార్త జపం చెప్పుకుంటూ నడిచాను. ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో అన్ని జపాలయ్యాయి.

మామయ్య అందరికంటే వెనక వస్తున్నాడు. ఎప్పుడూ ముందు నడిచే మనిషి.

గోడ మూల మూడు మొక్కలూ పచ్చగానే ఉన్నాయి. దూరం నుంచి చూసి నా ప్రాణం లేచొచ్చింది. నెలిదా మోకాళ్ల మీద కూర్చుని అడుగు ఆకు ఒకటి తిప్పి చూసింది. తర్వాత ఇంకొకటి. ఆకు పైన గోధుమరంగు మచ్చ, చిన్నదే. అడుగున మచ్చ చుట్టూ తెల్లటి నూగు, బూజు పట్టిన రొట్టె మీద ఉన్నట్టు.

"వచ్చేసింది," అంది.

 మా ఆయన గోడ పైకి చూశాడు. పైన ఇక పొలం లేదు. రాయి, దాని పైన మబ్బు.

"ఇంకా పైకి జరపలేం," అన్నాడు, ఎవరో అడిగినట్టు.

"కాయ పడి ఉన్నా పండేదాకా నిలిచేది కాదేమోనే," అన్నాను నేను. అటూ ఇటూ ఇద్దరి బాధా తగ్గుతుందని అన్నాను. ఎవరికీ తగ్గలేదు.

"నిలిచేదేమో," అంది నెలిదా. "నిలిచేది కాదేమో. ఇప్పుడిక తెలీదు కదమ్మా. అదే నా బాధ."

మామయ్య వచ్చి మొక్క పక్కన కూర్చున్నాడు. మొక్కజొన్న కల్లు తెచ్చుకున్న చిన్న ముంతలోంచి నేల మీద కొంచెం ఒలికించి, కొండదేవరల పేర్లు ఒక్కొక్కటే గొణిగాడు. ఒక పేరు దగ్గర ఆగిపోయాడు. ఆ పేరు ఆయన ఎన్నడూ మరచిపోగా నేను చూడలేదు.

"తవ్వు," అన్నాడు.

"ఏంటి తాతా?"

"తవ్వి తీసుకుపో. అన్నీ తీసుకుపో. నీ సీసాలో పెట్టుకుంటావో ఏం చేసుకుంటావో. గడప దాటకూడదన్నాను. దాటనీ. నేనే చెబుతున్నా."

నెలిదా తాత ముఖం వైపు చూసింది. ఎన్నేళ్లుగానో ఈ మాట కోసమే ఎదురుచూసింది. ఇప్పుడు విని సంతోషించలేకపోతోంది.

మా ఆయన చేతులతోనే మట్టి తవ్వాడు. దుంపలు ఇంకా చిన్నవి. పసిపిల్లల పిడికిళ్లలా ఉన్నాయి, అప్పుడే ముడులు దేరాయి. నెలిదా ఒకటి తుడిచి, సంచీలోంచి చాకు తీసి కోసింది. తొక్క కింద తుప్పు మరక. ఇంకొకటి కోసింది. దానిలోనూ అదే. ఆకు మీద పడ్డ తెగులు వాననీళ్లతో మట్టిలోకి దిగిందని చెప్పింది, ఇంకొకటి కోస్తూ.

"ఇంక చాలు," అన్నాడు మామయ్య.

"ఒక్కటి బాగుంటే చాలు తాతా."

"చాలమ్మా. ఆపు. పిల్లల్ని కోసినట్టుంది."

ఆమె ఆపలేదు. రెండో మొక్క కింద, మూడో మొక్క కింద, మా ఆయన తవ్వుతుంటే ఆమె కోస్తూ పోయింది. అన్నీ కోసింది. ఒక్కదానిలో మాత్రం మరక కనబడలేదు. దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.  తర్వాత ఇంకో పక్క కోసి, కింద పెట్టేసింది.

"కొమ్మ చివరలు తుంచి బతికించలేరా?" అన్నాడు మా ఆయన. "ఓసారి చెప్పావు."

"కాండం శుభ్రంగా ఉంటే బతుకుతుంది నాన్నా." కాండం మీద నల్ల చార చూపించింది. అయినా ఒక చివర తుంచి తడిగుడ్డలో చుట్టుకుంది. చుట్టేటప్పుడు ఆమె చేతులు చూశాను. చచ్చిన గొర్రెపిల్లకు గుడ్డ కప్పే చేతుల్లా ఉన్నాయి.

దిగేటప్పుడు మామయ్య నా పక్కకు వచ్చాడు.

"బెనితా, నేను కోయకపోతే?"

"తెలీదు మామయ్యా."

"నువ్వు రోజూ ప్రార్థన చేస్తావు. నీకేమీ చెప్పడా ఆయన?"

"నేను అడగడమే గానీ, ఆయన చెప్పడం నాకెప్పుడూ అలవాటు లేదు."

మామయ్య తలాడించాడు. 

ఇంటికొచ్చేసరికి అసుంతా వదిన గుమ్మం ముందు రాయి మీద కూర్చుని ఉంది. రెండిళ్ల అవతల ఆమె ఇల్లు. వయసుకు మామయ్య సాటిదైనా నాకు పిలుపు వదినే. భర్త పోయి చాలా ఏళ్లయింది. నోరు కొంచెం పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఒళ్లో దుప్పటి మూట ఉంది.

"విన్నాను," అంది. "ఈ ఊళ్లో వినకుండా ఉండాలంటే చచ్చిపోవాలి. ఏం బావా, పూల పండగ బాగా చేశావట?"

మామయ్య జవాబు చెప్పలేదు. ఇంకో రోజైతే రెండు తిట్లు తిట్టేవాడు, ఆమె మూడు తిట్టేది. అసుంతా వదిన కూడా ఆ మౌనానికి బెదిరింది. గొంతు తగ్గించింది.

"పోట్లాటకు రాలేదు. నీ భార్య దగ్గర నేనొక చేబదులు తీసుకున్నాను. మా ఆయన పోయినప్పుడు, పదిమందికి వండటానికి ఇంట్లో ఏమీ లేకపోతే, ఒడి నిండా దుంపలు పోసింది. బావకి తెలిస్తే గొడవ, నోరెత్తకు అంది. ఎత్తలేదు. ఆమె పోయింది, అప్పు ఉండిపోయింది. మీ పూలు పోయాయని విన్నాక ఇంక ఆగబుద్ధి కాలేదు."

మూట విప్పింది.

లోపల చునో. రాత్రి మంచులో పరిచి, పొద్దున కాళ్లతో తొక్కి నీరంతా పిండి, ఎండబెట్టిన దుంపలు. నల్లగా, గులకరాళ్లలా ఉన్నాయి. తినడానికే గానీ, నాటితే మొలవవు. ఏ ఇంట్లోనైనా ఉండేవే. అందుకని నేను ముందు గమనించలేదు.

మామయ్య గమనించాడు. ఒకటి తీసి వేళ్లతో తడిమాడు. ఎండి ముడుచుకున్నా ముడులు పోలేదు. బిగించిన పిడికిలి.

"ఇది మాది," అన్నాడు.

"మీదే. మీ దుంపలే ఇచ్చింది మరి. అన్నీ వండలేదు నేను. కొన్ని విత్తనానికి దాచుకుని ఇంటి వెనక ఏటా ఒక చాలు వేసుకుంటున్నా."

నెలిదా సంచీ కింద పెట్టింది.

"ఇప్పుడు ఉన్నాయా అత్తా? ఆ చాలులో?"

"ఈ ఏడు వేయలేదే తల్లీ."

"పచ్చివి? పోయినేటి విత్తనం? ఇంట్లో ఏ మూలైనా?"

అసుంతా వదిన మా అందరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఏం జరుగుతోందో ఆమెకు ఒక్కసారిగా తెలిసినట్టుంది.

"తెగులు పైకి వస్తోందన్నారు కదా పోయినేడు. పచ్చిగా ఉంచితే కుళ్లిపోతాయని భయమేసింది. మంచు పడే నెలలో అన్నీ పరిచి తొక్కేశాను. చునో అయితే నా మనవళ్ల కాలం దాకా ఉంటుంది గదా అని." కొంచెం ఆగింది. "అడిగుంటే ఇచ్చేదాన్ని. నన్నెవరు అడిగారు?"

ఎవరు అడుగుతారు. ఆ ఎర్ర కారు తర్వాత అది మా గడప దాటలేదనే అందరం అనుకున్నాం.

"ఒక్కటి కూడా లేదా?" అంది నెలిదా, ఇంకోసారి. ఇందాక పొలంలో దుంప కోసిన గొంతే అది.

"లేదమ్మా."

మామయ్య చేతిలో చునో అలాగే ఉంది. గుమ్మం వైపు చూశాడు. ఈ గడప దాటించిన మనిషి మీద కోపగించుకుందామంటే ఆమె లేదు. ఎన్నేళ్లు ఆ మాట దాచుకుని, రోజూ ఆయనకు అన్నం పెట్టిందో.

"ఎంత ఇచ్చింది?" అని అడిగాడు చివరికి.

"ఒక ఒడి. ఇవి ఎండినవి, తేలిక. అందుకని రెండు ఒడులకు సరిపడా తెచ్చాను. మోసం లేదు."

"మోసం లేదు," అన్నాడు మామయ్య. లోపలికి వెళ్లిపోయాడు. గొర్రెతోలు మీద కూర్చున్న చప్పుడు వినబడింది. కోకా ఆకు సంచీ విప్పిన చప్పుడు వినబడలేదు.

నెలిదా తడిగుడ్డ చుట్టను అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. మధ్యాహ్నం బస్సు కింద మలుపులో హారన్ కొట్టింది. ఆమె వెళుతుందో ఉంటుందో నేను అడగలేదు. మా ఆయన అడుగుతాడేమోనని చూశాను. ఆయన గోళ్లలో మట్టి గీక్కుంటున్నాడు.

ఒడిలో తెచ్చిన బదులు ఒడిలోనే తీర్చాలి. అత్తయ్య లేదు కాబట్టి ఆమె ఒడి స్థానంలో నాది. నేను లంగా అంచు రెండు చేతులా పట్టి ముందుకు చాచాను.

అసుంతా వదిన మూట వంచింది. దుంపలు పడుతూనే ఉన్నాయి, ఒడి నిండుతూనే ఉంది, బరువు మాత్రం తెలియలేదు.

చివరిది పడ్డాక ఆమె దుప్పటి దులిపి మడిచింది.

"ముట్టిందా?" అని అడిగింది. తీర్చినవాళ్లు అలా అడగాలి.

"ముట్టింది వదినా," అన్నాను.